ముందు పెన్ను, తర్వాత పంపు

ఇన్సులిన్ పంపు గురించి అడగడానికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే ఆశ. అది పెట్టించేస్తే ఇక షుగర్ సంగతి అదే చూసుకుంటుంది, మనం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అని. టైప్ వన్ వచ్చిన పిల్లల తల్లిదండ్రులైతే మరీను. రోజుకి నాలుగైదు సూదులు, నడిరాత్రి లేచి నిద్రపోతున్న బిడ్డ వేలు గుచ్చి చూడటం, బడి నుంచి ఫోనొస్తే గుండె జల్లుమనడం. అలాంటి ఇంట్లో ఆ ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. అయినా పంపు శిక్షణ ఇచ్చేదాన్నిగా వాళ్లని నేను మొదట అడిగేది ఇది: "ఈ రాత్రి రెండు గంటలకి పంపు ఆగిపోయింది. తెల్లారేలోపు మీరేం చేస్తారు?"

జవాబు ఠక్కున చెప్పగలిగినవాళ్ల చేతిలో పంపు చాలా మంచి సాధనం. "కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తాం" అన్నవాళ్లకి ఇంకొన్నాళ్లు పెన్నుతోనే పని ఉంది. పెన్ను అంటే ఇన్సులిన్ పెన్నే. రోజంతా ఒంట్లో ఉండాల్సిన బేసల్ ఇన్సులిన్ ఎంత, భోజనానికి ఎంత, షుగర్ ఎక్కితే దించడానికి ఎంత అని లెక్కగట్టి పెన్నుతో నడపడం వచ్చినవాళ్లే పంపుతో సుఖపడతారు. కొనడం గురించైనా, వాడటం గురించైనా ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా ఆ రాత్రి రెండు గంటల ప్రశ్నని మనసులో పెట్టుకునే చెబుతున్నాను.

లోపల జరిగేది ఏమిటి

టైప్ వన్‌లో శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. మాత్రలతో తీరేది కాదు, ఇన్సులిన్ బయటినుంచి రావాల్సిందే. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం దక్కేవాళ్లు కాదు.

సూదులతో నడిపేవాళ్లు రెండు రకాలు వాడతారు. గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ రోజుకోసారి. లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి తొందరగా పనిచేసేది ప్రతి భోజనానికీ. పంపులో మొదటి రకం ఉండదు. తొందరగా పనిచేసేదాన్నే అది కొన్ని నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా చర్మం కిందికి వదులుతూ ఉంటుంది. అది బేసల్. తినబోయే ముందు మీరు అంకె నొక్కి ఒక్కసారిగా ఇప్పించేది బోలస్. కాలువ నీళ్లు పారించిన తోటకీ, డ్రిప్ పైపు వేసిన తోటకీ ఉన్నంత తేడా ఇది. కాలువ నీళ్లు పారిన మడిలో తడి కొన్నాళ్లు నిలుస్తుంది. డ్రిప్ పైపు పూడుకుపోతే మొక్క ఆ మధ్యాహ్నానికే వాడిపోతుంది.

పంపు గురించి ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి. గ్లార్జిన్ వేసుకున్న మనిషికి ఒక పూట సూది తప్పినా అడుగున ఎంతో కొంత ఇన్సులిన్ ఉంటుంది. పంపు మీద ఉన్న మనిషికి ఆ ఆసరా లేదు. ట్యూబు ఊడినా, చర్మం కింద ఉన్న సన్నటి కాన్యులా మడతపడినా కొద్ది గంటల్లో షుగర్ ఎగబాకుతుంది, దాని వెనకే, ఇన్సులిన్ లేక కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు వస్తాయి.

మరి ఎందుకింత కష్టపడి పంపు పెట్టుకోవడం? ఎందుకంటే పెన్ను చేయలేని పనులు అది చేస్తుంది. మూడేళ్ల బిడ్డకి ఒక్కోసారి కావలసింది పావు యూనిట్ కంటే తక్కువ. పెన్నులో అర యూనిట్ కంటే కిందికి దిగలేం. కొన్ని పంపులు గంటకి 0.025 యూనిట్ చొప్పున కూడా ఇవ్వగలవు. తెల్లవారుజామున మూడింటి నుంచి ఏడింటి మధ్య చాలామందికి హార్మోన్ల వల్ల షుగర్ దానంతటదే పెరుగుతుంది. ఆ నాలుగు గంటలకే బేసల్ పెంచి పెట్టుకోవచ్చు. సాయంత్రం కబడ్డీకి వెళ్లే కుర్రాడు ముందుగానే బేసల్ తగ్గించుకోవచ్చు. పొద్దున వేసిన గ్లార్జిన్‌ని సాయంత్రం వెనక్కి తీసుకోలేం కదా.

అయితే మేలంతా యంత్రానిదే అనుకోవద్దు. అమెరికా, కెనడాల్లో 1441 మందితో జరిగిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో, కళ్లు అప్పటిదాకా బాగున్నవాళ్లకి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. ఆ గుంపులో కొందరు పంపు వాడారు, కొందరు రోజుకి మూడు, అంతకంటే ఎక్కువ సూదులు వేసుకున్నారు. మాటిమాటికీ షుగర్ చూసుకుని దాన్నిబట్టి డోసు మార్చుకోవడం మాత్రం ఇద్దరూ చేశారు. అదే గుంపులో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం కూడా దాదాపు మూడు రెట్లయింది. పంపుకి, ఒంటికి అంటుకుని షుగర్‌ని ఎప్పటికప్పుడు చూసే సెన్సార్ తోడైతే ఇప్పుడు ఆ భయం చాలావరకు తగ్గుతుంది. నన్నడిగితే పంపుకీ సెన్సార్‌కీ కలిపి ఖర్చు పెట్టలేని ఇంట్లో ముందు కొనాల్సింది సెన్సారే. పెన్నుతో నడుపుకుంటున్నవాళ్లకి కూడా అది మొదటిరోజు నుంచే పనికొస్తుంది.

ఏ పంపు?

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మెడ్‌ట్రానిక్ కంపెనీ మినీమెడ్ పంపులు. వాటిలో ఒక రకం మనం పెట్టిన బేసల్‌ని పెట్టినట్టు ఇస్తుంది, అంతే. 640జి లాంటిది సెన్సార్‌ని చూసి, షుగర్ పడిపోబోతోందని పసిగట్టి ఇన్సులిన్ ఆపుతుంది. 780జి ఇంకో మెట్టు పైది. ఐదు నిమిషాలకోసారి సెన్సార్ అంకె తీసుకుని బేసల్‌ని తానే పెంచుతుంది, తగ్గిస్తుంది, అవసరమైతే చిన్న బోలస్ కూడా తానే ఇస్తుంది. లక్ష్యం 100, 110, 120లలో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. ఇంత చేసినా మీరు అన్నం తిన్న సంగతి దానికి తెలియదు. తినబోయేముందు ఎన్ని గ్రాముల పిండిపదార్థమో మీరు చెప్పాల్సిందే.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో ఓమ్నీపాడ్ గురించో టాండెమ్ గురించో చెబుతారు. ఓమ్నీపాడ్‌కి ట్యూబు ఉండదు, ఒంటికి అంటుకుని ఉంటుంది, మూడు రోజులకి తీసి పారేయాలి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే అక్కడినుంచి తెప్పించుకుందామనుకునేవాళ్లు రెండు విషయాలు తేల్చుకోవాలి. ప్రతి నెలా సరుకు ఎవరు తెస్తారు? చెడిపోతే వారంటీ ఏ దేశంలో చెల్లుతుంది? సూట్‌కేసులో వచ్చే సరుకు మీద పసిబిడ్డ బేసల్ ఆధారపడటం నాకు మాత్రం ఇష్టం లేదు. ఎవరో వాడి అమ్ముతున్న పాత పంపుకైనా ఇదే మాట. కంపెనీతో సీరియల్ నంబరు సరిచూసుకోకుండా, డాక్టర్‌కి చూపించకుండా డబ్బు చేతులు మారకూడదు.

మోడల్ కంటే ముందు అడగాల్సినవి ఇవి. పంపు చెడిపోతే బదులు పంపు ఎన్ని గంటల్లో వస్తుంది? హైదరాబాద్‌కా, మా ఊరికా? ఆదివారం రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారా? వారంటీ ఎన్నేళ్లు, అందులో నీళ్లలో పడటం ఉందా? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. అమ్మేటప్పుడు నోటిమాటగా చెప్పినవి అవసరమైన రోజున ఎవరికీ గుర్తుండవు. కొన్ని పంపులు మామూలు పెన్సిల్ సెల్లుతో నడుస్తాయి, కొన్నింటిని చార్జింగ్ పెట్టాలి. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో సెల్లుదే పైచేయి. రోజుకి 60 యూనిట్లు వాడేవాళ్లకి ఇన్సులిన్ నింపే రిజర్వాయర్ 180 యూనిట్లదైతే మూడు రోజులకి సరిగ్గా సరిపోతుంది, ట్యూబు నింపడానికి పోయేదాన్ని కలిపితే చాలదు. వాళ్లకి 300 యూనిట్లది కావాలి. వీలైతే కొన్నాళ్లు ఒంటికి పెట్టుకుని చూసే ఏర్పాటు ఉందేమో అడగండి. అది పెట్టుకుని రెండు రాత్రులు పడుకుంటే కాగితాల్లో తెలియనివి తెలుస్తాయి.

ఇక డబ్బు. పంపు ధర లక్షల్లో ఉంటుందని అందరికీ తెలుసు, అప్పో సప్పో చేసి అది కట్టేస్తారు. ఇల్లు గుల్లయ్యేది తర్వాతి ఖర్చుతో. ట్యూబు, కాన్యులా కలిసిన ఇన్‌ఫ్యూషన్ సెట్టుని మూడు రోజులకోసారి మారిస్తే ఏడాదికి 120 పైమాటే. ఏడు రోజులు పనిచేసే సెన్సార్ అయితే 52. చెమటకి ఊడిపోయేవీ, మొదట్లోనే పనిచేయనివీ ఉంటాయి కాబట్టి ఇంకో పది శాతం కలుపుకోండి. రిజర్వాయర్లు, ఇన్సులిన్ వేరు. ఈ రోజు ధరతో గుణించి, పన్నెండుతో భాగించి, వచ్చిన అంకెని నెల జీతం పక్కన పెట్టి చూడండి. నాలుగేళ్లపాటు ప్రతి నెలా అది కట్టగలమా? చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆస్పత్రి బయట వాడే పరికరాలకీ, వాటి విడిభాగాలకీ డబ్బు ఇవ్వవు. మీ పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చదవండి. ఖర్చు కలిసొస్తుందని సెట్టుని ఆరు రోజులు లాగేవాళ్లున్నారు. మూడు రోజుల సెట్టుని మూడు రోజులే వాడాలి. దాటితే ఆ చోట చర్మం వాస్తుంది, ఇన్సులిన్ ఇంకదు, ఒక్కోసారి చీము పడుతుంది. అలా లాగాల్సి వచ్చే ఇంటికి పంపు కంటే పెన్నే క్షేమం. అందులో చిన్నతనమేమీ లేదు.

కొందరికి నేను ఇప్పుడే వద్దని చెబుతాను. రోజులో షుగర్ చూసుకోనివాళ్లకి. "మా అబ్బాయి ఒప్పుకోవట్లేదు, మీరు పెట్టేయండి" అని తల్లిదండ్రులు తీసుకొచ్చే పదహారేళ్ల కుర్రాళ్లకి. రెటీనా బాగా దెబ్బతిని ఇంకా వైద్యం చేయించుకోనివాళ్లకి కూడా. ఎన్నాళ్లుగానో ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే కంటి పరిస్థితి కొన్నాళ్లు ముదరవచ్చు. ముందు కంటి డాక్టర్‌ని కలవాలి.

మొదటి వారాలు

సూదుల నుంచి పంపుకి మారేటప్పుడు డాక్టర్లు సాధారణంగా మొత్తం డోసుని 10 నుంచి 25 శాతం తగ్గించి మొదలుపెడతారు. బేసల్ దాదాపు సగం, మిగతాది భోజనాలకి.

మన దేశంలో ఎదురయ్యే ఒక ప్రమాదం గురించి ఇక్కడే చెప్పాలి. మందుల షాపుల్లో రెండు బలాల ఇన్సులిన్ సీసాలు దొరుకుతాయి. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. ఎర్రమూత సిరంజి 40 దానికి, నారింజ మూత సిరంజి 100 దానికి. పంపులో పోయాల్సింది 100 యూనిట్ల బలం ఉన్న, తొందరగా పనిచేసే లిస్ప్రో, ఆస్పార్ట్, గ్లులిసిన్ లాంటిది మాత్రమే. తెలియక 40 యూనిట్లది పోస్తే పంపు పది యూనిట్లు ఇచ్చానని చూపిస్తుంది, ఒంట్లోకి వెళ్లేది నాలుగు. సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ మీద 100 అన్న అంకె చూసి గాని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇంట్లో తాతగారికో నాన్నగారికో 40 యూనిట్ల సీసా ఉంటే రెండింటినీ వేరువేరు డబ్బాల్లో పెట్టండి.

తర్వాత భోజనం లెక్క. ఒకరికి రోజుకి మొత్తం 50 యూనిట్లు పడుతుందనుకుందాం. 500ని 50తో భాగిస్తే 10. అంటే 10 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్. 1800ని 50తో భాగిస్తే 36. అంటే ఒక యూనిట్ షుగర్‌ని సుమారు 36 పాయింట్లు దించుతుంది. ఇవి మొదలుపెట్టడానికి వాడే అంచనాలు, తర్వాత మీ ఒంటినిబట్టి డాక్టర్ సర్దుతారు. మధ్యాహ్నం భోజనానికి ముందు షుగర్ 172, దించాల్సింది 100కి. కంచంలో 200 గ్రాముల అన్నం. వండిన అన్నంలో వంద గ్రాములకి సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి 56. పప్పు, కూర, పెరుగు కలిపి ఇంకో 14. మొత్తం 70 గ్రాములకి 7 యూనిట్లు. షుగర్ దించడానికి 2. పదకొండింటికి తిన్న జామకాయకి వేసిన ఇన్సులిన్ ఇంకా ఒక యూనిట్ ఒంట్లో మిగిలి ఉంటే పంపు దాన్ని తీసేసి 8 చూపిస్తుంది. ఈ తీసివేత పెన్నుతో మన తలలో చేసుకోవాలి, పంపు దానంతటది చేస్తుంది. దీన్ని నేను చాలా విలువైన సదుపాయంగా చూస్తాను. ఒకదాని మీద ఒకటి వేసుకుని షుగర్ పడిపోయేవాళ్లు ఎందరో.

"మా ఇంట్లో గ్రాముల లెక్క కుదరదండీ" అంటారు. కుదురుతుంది. వంటింట్లో ఒక చిన్న తూకం పెట్టుకుని మీ ఇంటి హస్తం, మీ ఇంటి గరిటె ఎంత తూగుతాయో రెండు వారాలు చూస్తే కన్ను అలవాటు పడుతుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. పాశ్చాత్యుల బ్రెడ్డు ముక్కల లెక్కలతో తంటాలు పడేకంటే మన బియ్యానికీ, రాగులకీ, మినప్పప్పుకీ అవే మేలు.

బోలస్ తినడానికి పది పదిహేను నిమిషాల ముందు వేయాలి. కంచం ముందు కూర్చున్నాక కాదు. పెళ్లి భోజనంలో ఎంత తింటామో ముందు తెలియదు కాబట్టి సగం ముందు వేసి, తింటూ ఉండగా మిగతాది వేసుకోవచ్చు. బిర్యానీ సంగతి వేరు. నూనె, మాంసం ఎక్కువుండటంతో షుగర్ మొదటి గంటలో నెమ్మదిగా ఉండి, మూడు నాలుగు గంటల తర్వాత ఎక్కుతుంది. సాధారణ పంపులో బోలస్‌లో కొంత ఇప్పుడు, మిగతాది రెండు మూడు గంటలపాటు కొద్దికొద్దిగా వెళ్లేలా పెట్టుకునే వీలుంది.

తానే సర్దుకునే పంపుతో రెండు జాగ్రత్తలు. తిన్న అరగంట తర్వాత బోలస్ మర్చిపోయామని గుర్తొస్తే మొత్తం వేయకండి. పంపు అప్పటికే తనవంతు ఇస్తూ ఉంటుంది, సాధారణంగా సగం చాలు. రెండోది, షుగర్ దిగట్లేదని తినని అన్నాన్ని తిన్నట్టు నొక్కి పంపుని మోసపుచ్చకండి. అది నేర్చుకునే లెక్కలన్నీ ఆ అబద్ధం మీద పేరుకుంటాయి. షుగర్ 70 కంటే కిందికి పడిపోయినప్పుడు కూడా మామూలుగా చెప్పే మూడు చెంచాల పంచదార వీళ్లకి ఒక్కోసారి ఎక్కువవుతుంది. పంపు ముందే ఇన్సులిన్ ఆపి ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఐదు నుంచి పది గ్రాములు సరిపోతాయి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి.

ఒంటి మీద

ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఇంట్లో సెట్టు మార్చుకోవడం దగ్గరుండి చూశాను. ఆదివారం ఉదయం, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకున్నాక కూర్చుంది. ఇన్సులిన్ సీసాని ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టింది. చల్లటి ఇన్సులిన్ నింపితే వేడెక్కాక బుడగలు పుడతాయి. సబ్బుతో చేతులు కడుక్కుంది. రిజర్వాయర్‌లోకి ఇన్సులిన్ లాగి, నిలువుగా పట్టుకుని పెన్సిల్‌తో తట్టింది, బుడగలు పైకొచ్చాయి, వాటిని బయటికి నెట్టింది. ట్యూబు తగిలించి సూది మొన దగ్గర చుక్క కనబడేదాకా నింపింది. పొట్ట మీద బొడ్డుకి రెండు అంగుళాల అవతల స్పిరిట్ రాసి, అది పూర్తిగా ఆరేదాకా ఆగింది. ఇన్సర్టర్ పెట్టి నొక్కితే టిక్కుమంది. సూది బయటికొచ్చేసింది, మెత్తటి కాన్యులా లోపల ఉండిపోయింది. పక్కనే వత్తులు చేసుకుంటున్న అమ్మమ్మ ఇదంతా చూస్తోంది.

"ఏమే, ఇది పెట్టుకుంటే ఇక సూదుల బాధ తప్పినట్టేనా?"

"తప్పలేదు అమ్మమ్మా, తగ్గింది. మూడ్రోజులకొకటి."

"మరి స్నానానికో?"

"తీసేసి వెళ్తా. ఇదిగో, ఇక్కడ తిప్పితే ఊడొస్తుంది. మళ్లీ పెట్టేసుకోవడమే."

ఆ అమ్మాయి ఉదయం పూట ఎంచుకోవడం తెలివైన పని. కొత్త సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో రెండు గంటల తర్వాత షుగర్ చూస్తే గాని తెలియదు. పడుకోబోతూ మారిస్తే ఆ రెండు గంటలూ నిద్రలో పోతాయి. తలంటు తర్వాత మార్చడమూ అంతే. నూనె రాసిన ఒంటికి ప్లాస్టర్ అతుక్కోదు.

చోటు ప్రతిసారీ మార్చాలి. పొట్టకి రెండు వైపులా, తుంటి పైభాగం, తొడ, కొందరికి జబ్బ. ఒకేచోట పెడితే కొవ్వు గడ్డకట్టినట్టవుతుంది, అక్కడ ఇన్సులిన్ ఎప్పుడు ఇంకుతుందో చెప్పలేం. చీర కట్టుకునేవాళ్లు లంగా బొందు బిగుసుకునే చోట వదిలేయండి, మగవాళ్లు మొలతాడు, బెల్టు పడే చోట వదిలేయండి. పంపుని కుచ్చిళ్ల పక్కన దోపుకోవచ్చు, జాకెట్ లోపల చిన్న గుడ్డ జేబు కుట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ట్యూబుని ఒక చుట్ట చుట్టి ప్లాస్టర్ వేస్తే తలుపు గొళ్లానికి తగులుకున్నా కాన్యులా ఊడదు.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి చెప్పాలి. పెళ్లిచూపుల నాడు పంపు తీసేసి దాచమనే పెద్దలున్నారు. ఆ పని చేయించకండి. ఆ మూడు గంటల్లో షుగర్ పెరగడం ఒక కష్టమైతే, నీ ఒంట్లో ఏదో దాచాల్సింది ఉందని ఆ పిల్లకి నేర్పడం అంతకంటే పెద్ద కష్టం. జబ్బు సంగతి ముందే చెప్పి చేసుకునే సంబంధమే సంబంధం. రాత్రి అలారం మోగితే లేచి చక్కెర నీళ్లు కలిపివ్వాల్సిన మనిషి ఆ ఇంట్లోనే కదా ఉండాలి.

మే నెల మన పంపులకి గడ్డుకాలం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పంపులో ఉన్న ఇన్సులిన్ వేడి 37 డిగ్రీలు దాటితే అది చెడినట్టే లెక్క, పారబోసి కొత్తది నింపాలి. పంపుని చొక్కా లోపల, ఎండ తగలకుండా ఉంచండి. బండి డిక్కీలో పెన్ను వదలకండి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో పొడి డబ్బాలో ఇన్సులిన్ ఉంచితే చాలా మేలు.

బయటికి వెళ్లినప్పుడు

డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, పర్సులో ఎప్పుడూ ఉండాలి. విమానాశ్రయంలో పంపుతో మెటల్ డిటెక్టర్ దాటవచ్చు. బ్యాగుల ఎక్స్‌రే యంత్రంలో మాత్రం పంపునీ సెన్సార్‌నీ పెట్టవద్దని కంపెనీలు చెబుతాయి, చేత్తో తనిఖీ చేయమని అడగండి. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై గదుల్లోకి పంపుతో వెళ్లకూడదు. తిరుమలలో ఆలయంలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. సెన్సార్ అంకె ఫోన్లోనే చూసుకునేవాళ్లు గ్లూకోమీటరు వెంట ఉంచుకోవాలి. కంపార్టుమెంట్లో గంటలు గడుస్తాయి కాబట్టి గ్లూకోజ్ బిళ్లలు కూడా. అలిపిరి నుంచి నడిచి ఎక్కేవాళ్లు మెట్లు మొదలుపెట్టడానికి గంట ముందే బేసల్ తగ్గించుకోవాలి.

బడికి ప్రిన్సిపాల్ పేర రాతపూర్వకంగా ఇవ్వండి. టైప్ వన్ పిల్లల్ని బడిలో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, మధ్యలో తిననివ్వాలని జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ 2023 జూలైలో రాష్ట్రాలకు లేఖ రాసింది. సీబీఎస్‌ఈ 2017 నుంచీ పరీక్ష గదిలోకి గ్లూకోజ్ బిళ్లలు, పండు, నీళ్లు అనుమతిస్తోంది. జేఈఈలో కూడా మధుమేహం ఉన్నవాళ్లకి ఇవి తెచ్చుకునే వీలుంది. పంపు, సెన్సార్ ఒంటి మీద ఉంటాయని మాత్రం పరీక్షకి చాలా ముందే విడిగా రాసి అనుమతి తీసుకోండి. గేటు దగ్గర వాదించే పరిస్థితి పిల్లలకి రానివ్వకూడదు.

ఆగిన రోజు

కారణం లేకుండా షుగర్ 250 దాటిందా? పంపుతో ఒకసారి దించే డోసు ఇవ్వండి, కీటోన్లు చూడండి. గంట, గంటన్నరలో దిగకపోతే, లేదా కీటోన్లు కనబడితే ఇక పంపుని నమ్మవద్దు. పెన్నుతో వేసుకుని, సెట్టు మొత్తం మార్చండి. అలారం మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకోకండి, కాన్యులా పక్కనుంచి ఇన్సులిన్ కారిపోతుంటే పంపుకి తెలియదు. ప్లాస్టర్ తడిగా ఉండి, ఇన్సులిన్ ఘాటు వాసన వస్తే అదే గుర్తు. రక్తంలో కీటోన్లు 0.6 లోపుంటే ఫరవాలేదు. 1.5 దాటితే డాక్టర్‌తో మాట్లాడాలి, 3 అంటే ఆస్పత్రికే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి వస్తుంటే అంకెల కోసం ఆగకండి. ఊళ్లలో దీన్ని గ్యాస్ అనో, తిన్నది పడలేదనో అనుకుని గంటలు పోగొడతారు. దగ్గరలోని డాక్టర్‌కి చెప్పాల్సిన మొదటి మాట: "టైప్ వన్, పంపు ఆగింది, కీటోన్లు చూడండి."

ఇంట్లో ఒక డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. గడువు దాటని గ్లార్జిన్ పెన్ను, తొందరగా పనిచేసే పెన్ను, సూదులు, గ్లూకోమీటరు, కీటోన్ స్ట్రిప్పులు, అదనపు సెట్టు, రిజర్వాయర్, సెల్లులు. పంపు సెట్టింగుల పేజీలన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. డాక్టర్ డోసు మార్చిన ప్రతిసారీ మళ్లీ తీయండి. పంపు చచ్చిపోతే అందులోని అంకెలూ దానితోనే పోతాయి.

మూడు నెలలకోసారి డాక్టర్‌తో ముందే మాట్లాడుకుని, ఒక సెలవురోజు పంపు తీసేసి పెన్నుతో గడపమని నేను అందరికీ చెబుతాను. ముందురోజు రాత్రి పదింటికి, పంపు రోజంతా ఇచ్చే బేసల్‌కి బదులుగా డాక్టర్ రాసిన గ్లార్జిన్ డోసు వేసుకోవాలి. అది అందుకోవడానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి పంపుని పన్నెండింటికి తీయాలి. మర్నాడు మూడు పూటలా గ్రాములు లెక్కగట్టి, ఒంట్లో మిగిలిన ఇన్సులిన్ తీసేసి, పెన్నుతో వేసుకోవాలి. అమ్మో నాన్నో ఒక పూట లెక్క తాము చేయాలి. తిరిగి పంపుకి వచ్చేటప్పుడు తొందరపడకూడదు. రాత్రి పదింటికి వేసిన గ్లార్జిన్ మర్నాడు రాత్రి పది దాకా పనిచేస్తూనే ఉంటుంది, డెగ్లుడెక్ అయితే ఇంకా ఎక్కువసేపు. అందుకని ఆ 24 గంటలు నిండేదాకా పంపు తగిలించినా అది తానే సర్దుకునే ఆటో మోడ్ ఆపి, తాత్కాలిక బేసల్‌ని సున్నాకో డాక్టర్ చెప్పిన తక్కువ శాతానికో పెట్టి, భోజనానికి బోలస్‌లు మాత్రం పంపుతో ఇచ్చుకోవాలి. సమయం నిండాక బేసల్ మామూలుగా మొదలుపెట్టి, ఆ రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి షుగర్ చూడాలి.